కార్మికుల ఆరోగ్య కార్యక్రమం ఫలించిందని ఎలా తెలుసుకోవాలి?

(కడపలో పరిశ్రమల నిర్వాహకులు, ఫ్యాక్టరీ వైద్యులు, కార్మిక సంఘాల ప్రతినిధులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి, తాడిపత్రి గ్రానైటు యూనిట్ల నుంచి, బేతంచర్ల బండల పాలిషింగ్ ఫ్యాక్టరీల నుంచి, ఆర్టీసీ డిపోల నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. మీలో చాలామంది మీ మీ చోట్ల ఏదో ఒక ఆరోగ్య కార్యక్రమం నడుపుతూనే ఉన్నారు. ఒకచోట ఏడాదికోసారి బీపీ, షుగరు పరీక్షలు చేయిస్తారు. మరొకచోట పొద్దున షిఫ్టుకు ముందు యోగా ఉంటుంది. ఇంకొకచోట తాగుడు మాన్పించే కౌన్సెలింగు, క్యాంటీన్‌లో నూనె తగ్గించి సంగటి పెట్టించడం వంటివి జరుగుతున్నాయి. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేస్తున్న పనులే. అయితే ఏడాది చివర నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు మనం ఏం రాస్తున్నాం? ఇన్ని శిబిరాలు పెట్టాం, ఇంతమంది హాజరయ్యారు, ఇంతమంది బాగుందని అన్నారు అని రాసి, దండలు వేసిన ఫొటోలు జతచేస్తున్నాం. ఆ నివేదికలోని ఏ అంకె చూసినా మనం పడిన శ్రమ తెలుస్తుందే తప్ప, కార్మికుడి ఒంట్లో ఏమైనా మార్పు వచ్చిందా, అది మన కార్యక్రమం వల్లనే వచ్చిందా అన్న సంగతి తెలియదు.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే. దానికి జవాబు కావాలంటే కార్యక్రమం మొదలు కాకముందే కొన్ని పనులు చేసి ఉండాలి. ఏడాది గడిచాక ఎంత గొప్ప గణాంక నిపుణుణ్ణి పిలిపించినా, అప్పుడు రాసిపెట్టని లెక్కను అతను పుట్టించలేడు.

ముందుగా, శిబిరానికి ఎవరు వస్తారన్నది చూద్దాం. పొద్దున ఆరింటికి యోగాకు వచ్చేవారెవరు? సాధారణంగా ఊళ్లోనే కాపురం ఉన్నవారు, పర్మనెంటు ఉద్యోగులు, ఇప్పటికే ఒంటి మీద శ్రద్ధ ఉన్నవారు. రాత్రి షిఫ్టు దిగి కళ్లు మూతలు పడుతూ పల్లె బస్సు ఎక్కేవారు రారు. కాంట్రాక్టరు కింద లోడింగు చేసేవారిని అసలు పిలవనే పిలవరు. ఏడాది తర్వాత యోగాకు వచ్చినవారికీ రానివారికీ బీపీ పోల్చి, వచ్చినవారిది తక్కువగా ఉంది కాబట్టి యోగా పనిచేసిందని నిర్ధారిస్తే, యోగా మొదలు కాకముందే వారి మధ్య ఉన్న తేడాను యోగా ఖాతాలో జమకట్టినట్టవుతుంది.

ఈ పొరపాటు ఎంత పెద్దదో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం కళ్లకు కట్టినట్టు చూపించింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డామన్ జోన్స్, డేవిడ్ మోలిటర్, జూలియన్ రీఫ్ అనే ముగ్గురు ఆర్థిక శాస్త్రవేత్తలు 2016లో సుమారు 5,000 మంది ఉద్యోగులను తీసుకుని, చీటీలు వేసినట్టుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని ఆరోగ్య కార్యక్రమానికి ఆహ్వానించారు, రెండో వర్గాన్ని ఆహ్వానించలేదు. వైద్య ఖర్చుల లెక్కలే కాకుండా వ్యాయామశాలకు ఎవరు ఎన్నిసార్లు వెళ్లారో, స్థానిక మారథాన్‌లో ఎవరు పరుగెత్తారో కూడా సేకరించారు. 2019లో ప్రచురించిన ఫలితాల్లో రెండు రకాల పోలికలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. పాల్గొన్నవారిని పాల్గొననివారితో పోల్చినప్పుడు కార్యక్రమం బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపించింది. ఆహ్వానం అందిన వర్గం మొత్తాన్ని అందని వర్గం మొత్తంతో పోల్చినప్పుడు వైద్య ఖర్చుల్లో, ఆరోగ్యపు అలవాట్లలో, పనితీరులో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. పాల్గొన్నవారి వైద్య ఖర్చులు కార్యక్రమానికి ముందే తక్కువగా ఉన్నాయి. వారు ముందే ఆరోగ్యవంతులు. ఆ కార్యక్రమం వల్ల నిజంగా పెరిగినవి ఏవంటే, పరీక్షలు చేయించుకున్నవారి సంఖ్య, యాజమాన్యానికి మా ఆరోగ్యం మీద శ్రద్ధ ఉందన్న నమ్మకం. ఇవి విలువైనవే. కానీ వాటిని బీపీ తగ్గడంగా రాయకూడదు.

అదే 2019లో జిరుయ్ సాంగ్, క్యాథరిన్ బైకర్ అనే పరిశోధకులు మరో అధ్యయనం ప్రచురించారు. బీజేస్ అనే టోకు దుకాణాల సంస్థకు చెందిన 160 కేంద్రాల్లో 20 కేంద్రాలను చీటీల పద్ధతిలోనే ఎంపిక చేసి కార్యక్రమం పెట్టారు. దాదాపు 33,000 మంది ఉద్యోగులు, 18 నెలల కాలం. క్రమం తప్పక వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు కార్యక్రమం ఉన్న కేంద్రాల్లో 8.3 శాతం పాయింట్లు ఎక్కువగా, బరువు అదుపులో పెట్టుకునే ప్రయత్నం చేస్తున్నామన్నవారు 13.6 శాతం పాయింట్లు ఎక్కువగా ఉన్నారు. కానీ కొలిచి చూస్తే కొలెస్ట్రాల్, బీపీ, బరువు, నాగాలు, వైద్య ఖర్చు, వీటిలో దేనిలోనూ లెక్కకు నిలిచే తేడా రాలేదు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ క్యాథరిన్ బైకరే 2010లో, అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి, ఒక డాలరు ఖర్చుపెడితే వైద్య ఖర్చులో 3.27 డాలర్లు మిగులుతాయని రాసిన బృందంలో ఉన్నారు. ఆ అంకెను ఆరోగ్య కార్యక్రమాలు అమ్ముకునే కంపెనీలు ఇప్పటికీ చూపిస్తుంటాయి. ఆ అంకెతో పేరు వచ్చిన మనిషే మరింత కఠినమైన పరీక్ష పెట్టి, ఫలితం ఎదురు తిరిగినా దాచకుండా ప్రచురించారు. మన రంగంలో నాకు బాగా గౌరవం కలిగించిన సంగతుల్లో ఇది ఒకటి.

ఇవి విని, అయితే ఇలాంటి కార్యక్రమాలన్నీ దండగేనా అని మీరు అడగవచ్చు. నేను ఆ మాట అనను. అక్కడి ఉద్యోగుల సమస్యలు వేరు, మన కార్మికుల సమస్యలు వేరు. వారికి బీపీ మాత్రలు అందుబాటులో లేక రోగం ముదరడం తక్కువ. మన దగ్గర తనకు షుగరు ఉందని తెలియకుండానే లారీ నడిపేవారు, రక్తం తక్కువై ఆయాసపడుతూ బండలు మోసే ఆడవాళ్లు ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. అలాంటిచోట సరైన వైద్యం అందిస్తే మార్పు కనబడే అవకాశం ఎక్కువే. కానీ కనబడిందో లేదో చెప్పగలగాలి.

డబ్బు లెక్క కూడా అక్కడిది ఇక్కడ అతకదు. అమెరికాలో పెద్ద కంపెనీలు ఉద్యోగుల వైద్య ఖర్చును చాలావరకు సొంత సొమ్ముతో భరిస్తాయి. జబ్బులు తగ్గితే ఆ మిగులు కంపెనీకే దక్కుతుంది. మన దగ్గర కార్మికుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుడి వేతనం మీద యాజమాన్యం 2019 జూలై నుంచి 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చొప్పున కడుతున్నారు. ఫ్యాక్టరీలో అందరికీ షుగరు అదుపులోకి వచ్చినా ఆ 3.25 తగ్గదు. జబ్బు సెలవులో ఉన్న కార్మికుడికి వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు, ఈఎస్‌ఐ సంస్థే చెల్లిస్తుంది. కాబట్టి రూపాయికి ఎన్ని రూపాయలు వచ్చాయని విదేశీ పద్ధతిలో లెక్కగట్టే ప్రయత్నం ఇక్కడ చేయకండి. మన యాజమాన్యాలకు కలిసివచ్చేది నాగాలు తగ్గడంలో, నేర్పుగల పనివాడు మానేయకుండా ఉండటంలో, ప్రమాదాలు తగ్గడంలో ఉంటుంది. వాటిని చూడటానికి మన దగ్గర ఇప్పటికే ఒక పుస్తకం ఉంది. అది మస్టరు, అంటే హాజరు పుస్తకం.

మస్టరు విలువ మనకు తెలియడం లేదని నా అభిప్రాయం. ఒక సెక్షన్‌లో 300 మంది, నెలకు 26 డ్యూటీలు అనుకుందాం. అంటే నెలకు 7,800 డ్యూటీలు. నిరుడు నాగాలు 9 శాతం, కార్యక్రమం పెట్టిన తర్వాత 7 శాతం అయ్యాయి. 156 డ్యూటీలు కలిసివచ్చాయని సంతోషపడతాం. కానీ ఏ కార్యక్రమమూ పెట్టని పక్క సెక్షన్‌లో కూడా, అక్కడా 300 మందే, నాగాలు 8.8 నుంచి 7.3కు తగ్గాయని తేలితే? ఏమీ చేయకుండానే అక్కడ 117 డ్యూటీలు కలిసివచ్చాయి. అప్పుడు కార్యక్రమం ఖాతాలో రాసుకోదగ్గది 39 డ్యూటీలు మాత్రమే. మంచి వాన పడిన ఏడాది కొత్త ఎరువు చల్లిన రైతు, ఆ ఎరువు చల్లని పక్క చేలో చెనిక్కాయ దిగుబడి ఎంతో చూడనిదే ఎరువు గొప్పదనం చెప్పలేడు. మనకూ పక్క చేను కావాలి.

నాగాల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తొలకరి పడగానే జూన్, జూలైల్లో విత్తనం వేయడానికి సెలవు చీటీ లేకుండానే సొంత ఊరికి పోయేవారు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉంటారు. మే నెల ఎండలకు నాగాలు పెరుగుతాయి. ఉగాదికి, ఒంటిమిట్ట కల్యాణానికి పెరుగుతాయి. అందుకని మార్చి నాగాలను జూలై నాగాలతో పోల్చకుండా, నిరుటి మార్చితోనే పోల్చాలని అందరూ చెబుతారు. అది సరిపోదు. గూగూడు పీర్ల పండుగ, కడప పెద్దదర్గా ఉరుసు హిజ్రీ తేదీల ప్రకారం జరుగుతాయి కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటాయి. నిరుడు ఒక నెలలో పడిన పండుగ ఈ ఏడాది అంతకుముందు నెలలో పడవచ్చు. అది చూసుకోకపోతే పీర్ల పండుగ నాగాలు యోగా నెత్తిన పడతాయి. టైమ్ ఆఫీసులో ఒక క్యాలెండరు మీద ఆ తేదీలు, వానలు పడిన తేదీలు గుర్తు పెట్టించండి. ఖర్చు లేని పని.

పక్క చేను ఎలా దొరుకుతుందంటే, కార్యక్రమాన్ని అన్ని సెక్షన్లలో ఒకేసారి మొదలుపెట్టకుండా ఉంటే చాలు. సాధారణంగా మన దగ్గర ఒకేసారి మొదలుపెట్టేంత డాక్టర్లు, నర్సులు కూడా ఉండరు. ఎలాగూ విడతల వారీగా చేయవలసిందే కాబట్టి, ముందు ఏ సెక్షన్, తర్వాత ఏ సెక్షన్ అన్నది కార్మిక సంఘం వారి ఎదుటే చీటీలు వేసి నిర్ణయించండి. ఆరు నెలలు ఆగిన సెక్షన్ ఆ ఆరు నెలలకు పోలికగా నిలుస్తుంది. ఆ తర్వాత వారికీ కార్యక్రమం అందుతుంది. ఎవరికీ అన్యాయం జరగదు. అయితే ఒక షరతు ఉంది. శిబిరంలో ప్రాణాపాయ స్థాయి బీపీ, షుగరు బయటపడినవారికి వారు ఏ సెక్షన్ వారైనా ఆ రోజే వైద్యం అందాలి. కొలత కోసం వైద్యాన్ని ఆపకూడదు.

శరీరానికి సంబంధించిన కొలతల్లో బీపీ అన్నింటికన్నా ఎక్కువగా మోసం చేస్తుంది. ఒక శిబిరంలో నేను దగ్గర నుంచి చూసిన సంగతి చెబుతాను. క్రషర్ దగ్గర పని చేసే మనిషి, సూపర్‌వైజరు పిలవగానే మెట్లు దిగి పరుగున వచ్చాడు. అప్పుడే బీడీ ఆర్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదనే పట్టీ చుట్టి, ఇంకా ఆయాసం తీరకముందే యంత్రం నొక్కారు. 156/98 వచ్చింది. రాసుకుని, ఉప్పు తగ్గించమని కాగితం చేతికిచ్చి పంపారు. నెల తర్వాత అతను స్థిమితంగా కూర్చున్నప్పుడు చూస్తే 138/86. నివేదికలో అతని పేరు బాగుపడినవారి జాబితాలో చేరింది. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి కూర్చోవాలి, అరగంట ముందు నుంచి టీ, బీడీ ఉండకూడదు, మాట్లాడకూడదు, రెండుసార్లు చూసి సగటు రాయాలి. మొదటిసారి ఎలా చూశారో రెండోసారీ అలాగే చూడాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఇంకో మోసం మిగిలే ఉంటుంది. మొదటి పరీక్షలో 140/90 దాటినవారిని మాత్రమే ఎంచుకుని రెండోసారి చూస్తే, ఏ మందూ ఇవ్వకపోయినా వారి సగటు కొంత తగ్గే తీరుతుంది. ఎందుకంటే ఆ రోజు ఏదో కారణంగా ఎక్కువ చూపినవారు కూడా ఆ జాబితాలో చేరి ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చినప్పుడు ఈ స్వభావాన్ని గుర్తించాడు. దీనికి విరుగుడు ఉంది. కార్యక్రమానికి ముందే వేర్వేరు రోజుల్లో రెండు కొలతలు తీసుకోవాలి, చివర్లో అందరినీ కొలవాలి, పోలిక సెక్షన్‌నూ అదే రోజుల్లో కొలవాలి. షుగరుకు వచ్చేసరికి, శిబిరం ముందు రోజు పస్తు ఉంటే మారిపోయే పరీక్ష కన్నా గత మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ మేలు. కానీ ఐరన్ లోపం ఉన్నవారిలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు కాబట్టి, స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట హిమోగ్లోబిన్ కూడా చూడందే దాన్ని నమ్మకండి.

ఇక్కడ నేను ఒక బండల పాలిషింగ్ యూనిట్ గురించి చెప్పాలి. అక్కడ ఎండాకాలం ఆరోగ్య కార్యక్రమం కింద రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమని ఆడవాళ్లకు చెప్పారు, పోస్టర్లు అంటించారు, సీసాలు పంచారు. తర్వాత పరీక్ష పెడితే అందరూ మూడు లీటర్లని సరిగ్గా జవాబు చెప్పారు. అవగాహన నూటికి నూరు శాతం పెరిగిందని రాసుకున్నారు. సీసాలు మాత్రం మధ్యాహ్నానికి కూడా నిండుగానే ఉన్నాయి. షెడ్డు దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్కటీ గేటు పక్కన, తలుపు గడియ పడనిది. అక్కడికి వెళ్లడం ఇష్టం లేక వాళ్లు పొద్దున ఇంటి దగ్గర కూడా నీళ్లు మానేసి వస్తున్నారు. ఒంటికి పోతే మంట అని ఒకామె నాతో మెల్లగా చెప్పింది. తాగునీరు, మరుగుదొడ్డి యాజమాన్యం బాధ్యతలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అలాంటి చోట కొలవవలసింది ఆమె జ్ఞానాన్నా? షెడ్డుకూ మరుగుదొడ్డికీ ఉన్న దూరాన్ని, తలుపుకు గడియ ఉందా లేదా అన్నదాన్ని, మూత్రంలో మంట ఉన్నవారి సంఖ్యను కొలవాలి. గ్రానైటు కోసేచోట, పలుగురాయి పొడి చేసేచోట కూడా అంతే. రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఏళ్ల తరబడి లోపల పెరిగే రోగం కాబట్టి ఒక్క ఏడాది ఎక్స్‌రేల్లో మన కార్యక్రమం ఫలితం తెలియదు. నీళ్లు కొడుతూ కోస్తున్నారా, గాలిలో దుమ్ము ఎంత తగ్గింది అన్నవి కొలిస్తే నెలలోనే తెలుస్తుంది. జబ్బుకు మూలం పనిచోటే ఉన్నప్పుడు కార్మికుడి అలవాట్లను మాత్రమే కొలవడం, తప్పంతా అతని మీదకు నెట్టడమే అవుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లెక్కలోంచి జారిపోయేవారి గురించి కూడా చెప్పాలి. జబ్బు చేసినవాడు పని మానేస్తాడు. ఏడాది తర్వాత కొలిచేటప్పుడు మిగిలి ఉండేది గట్టిగా ఉన్నవారే. ఎవరికీ ఏ మేలూ జరగకపోయినా సగటు ఆరోగ్యం మెరుగుపడినట్టు కనిపిస్తుంది. అందుకని మొదటి రోజు మస్టరులో ఉన్న ప్రతి పేరుకూ ఏడాది చివర ఏదో ఒక జవాబు ఉండాలి: పనిలో ఉన్నాడా, మానేశాడా, మానేస్తే ఎందుకు. కాంట్రాక్టు కూలీల పేర్లు కంపెనీ మస్టరులో ఉండవు, మేస్త్రీ నోటుపుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం కూడా తెప్పించుకోండి. మానేసినవారికి ఫోన్ చేసి కనుక్కోవడం ఒక మనిషికి రెండు రోజుల పని. మొత్తం కొలతలో ఇంతకంటే విలువైన రెండు రోజులు వేరే ఉండవు.

ఇదంతా నిలబడాలంటే కార్మికుడు నిజం చెప్పాలి. షుగరు ఉందని తెలిస్తే స్టీరింగు నుంచి దించేస్తారని భయపడే డ్రైవరు శిబిరం రోజు నాగా పెడతాడు, లేదా శిబిరానికి ముందు మూడు రోజులు మాత్రం మాత్ర వేసుకుని వస్తాడు. కాబట్టి పేరుతో ఉన్న ఫలితాలు డాక్టరు దగ్గరే ఉండాలి. యాజమాన్యానికి సెక్షన్ మొత్తం లెక్క మాత్రమే వెళ్లాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న సెక్షన్ లెక్క విడిగా ఇవ్వకూడదు, ఇస్తే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. నిద్ర, దిగులు, తాగుడు గురించిన ప్రశ్నలు సూపర్‌వైజరు చేత అడిగించకండి. అలాగే, నాగాలు తగ్గిన సెక్షన్‌కు బహుమతి అని ప్రకటించకండి. అలా ప్రకటిస్తే జ్వరంతో ఉన్నవాణ్ణి తోటివారే డ్యూటీకి లాక్కొస్తారు, చిన్న దెబ్బలు రిజిస్టరులోకి ఎక్కవు. అంకె తగ్గుతుంది, మనిషి బాగుపడడు.

చిన్న యూనిట్ల వారు, ముప్పై నలభై మందితో ఇవన్నీ మాకెలా సాధ్యమని అడుగుతారని తెలుసు. ముప్పై మందిలో ఇద్దరు దీర్ఘకాలం సెలవు పెడితే మొత్తం శాతమే మారిపోతుంది కాబట్టి ఒక్క యూనిట్ లెక్కతో ఏమీ తేల్చలేం. ఒకే పారిశ్రామికవాడలోని పదిహేను, ఇరవై యూనిట్లు కలిసి ఒకే డాక్టరు, ఒకే కొలత పద్ధతి పెట్టుకుని, ఏ యూనిట్ ముందో చీటీలు వేసుకుంటే అది సాధ్యమే. ఖర్చు కూడా పంచుకోవచ్చు. మొదలుపెట్టే ముందు మాత్రం ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి యాజమాన్యం, డాక్టరు, సంఘం ముగ్గురూ సంతకాలు పెట్టండి: ఏది మారాలని ఈ పని మొదలుపెడుతున్నాం, దాన్ని ఏ తేదీన ఎలా కొలుస్తాం, ఎంత మారితే కొనసాగిస్తాం, మారకపోతే ఏం మారుస్తాం. ఆ కాగితం నమూనాలు బయట బల్ల మీద పెట్టించాను. వెళ్లేటప్పుడు తీసుకోండి. ఈలోగా, రాత్రి షిఫ్టు వారిని ఎలా కలుపుకోవాలన్న విషయంలో ఆర్టీసీ మిత్రులు పొద్దున అడిగిన ప్రశ్నతో చర్చ మొదలుపెడదాం.